పదహారు దగ్గర ఆగిన లెక్క

"ఇది వెనక మనిషి ఉంటేనే కదులుతుంది మేస్త్రిగారూ."

బానెట్టు మీద వేసిన చెయ్యి మేస్త్రి తియ్యలేదు. ముప్పై ఏళ్ళ పనిలో బండ్ల మీద రకరకాల చాడీలు విన్నాడాయన. ఎత్తెక్కనంటుంది, వానొస్తే దగ్గుతుంది, మామగారు కూర్చుంటే ఆగిపోతుంది. ఇలాంటిది మాత్రం ఇదే మొదటిసారి.

"ముందు మనిషుంటే?"

"కదలదు. పక్కనున్నా కదలదు. లోపల కూర్చుని గంటసేపు కాపలా కాసినా ఏమీ ఎరగనట్టు పడుంటుంది. దిగి, వెనక్కెళ్ళి, వీపు తిప్పామా..." బండి వింటుందేమోనన్నట్టు ఆమె గొంతు తగ్గించింది. "ఒక్కసారి ఊపిరి పీలుస్తుంది. నేను విన్నాను."

ఉదయం తొమ్మిది. షెడ్డు రేకుల చిల్లుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేల మీద పడుతోంది. పట్టపగలు. అయినా మేస్త్రి మెడ వెనక సన్నగా చల్లబడింది.

ఆమెను వీధుల్లో అందరూ నీళ్ళక్క అంటారు. ఇళ్ళకీ ఆఫీసులకీ తాగునీటి క్యాన్లు వేస్తుంది. ఆ పాత డీజిల్ పికప్ తొమ్మిదేళ్ళుగా ఆమె చేతిలో ఉంది. క్లచ్చి లేని బండి, ఆటోమేటిక్ గేరు. స్టీరింగు పక్కన ఒకే ఒక్క రాడ్డు. పైకంటా తోస్తే 'పి', బండి కాళ్ళకి తాళం పడినట్టు. అక్కణ్ణుంచి ఒక్క గీత దిగితే 'ఆర్', వెనక్కి. ఆ రెంటికీ మధ్య దూరం బొటనవేలంత.

ఆ బొటనవేలంత దూరమే రెండు నెలల కిందట ఆమె మరిది కాలు తీసేసింది.

నీళ్ళ ప్లాంటు వెనక గోడ దగ్గర లోడు ఎత్తుతున్నారు ఆ రోజు. పాత డీజిలు, ఒకసారి ఆపితే మళ్ళీ అందుకోవడానికి మొరాయిస్తుందని ఇంజను ఆపలేదు. ఆమె దిగి మూతల సంచీ కోసం లోపలికెళ్ళింది. మరిది వెనక నిలబడి క్యాన్లు ఎక్కిస్తున్నాడు. బండి వెనక్కి వచ్చి అతన్ని గోడకి నొక్కేసింది. జనం పరుగెత్తుకొచ్చి చూసేసరికి రాడ్డు ఆర్ మీద ఉంది.

"ఆ రోజే చూశాను కదమ్మా," అన్నాడు మేస్త్రి.

"చూశారు. లోపం లేదన్నారు. తర్వాత ఇంకో ఇద్దరికి చూపించాను. వాళ్ళూ అదే మాట. మా అత్త మీ మాటనే ఇంటికి పట్టుకెళ్ళింది. బండిలో లేకపోతే నా చేతిలో ఉన్నట్టే కదా?"

మేస్త్రి బానెట్టు మీంచి చెయ్యి తీశాడు.

"పి లో పెట్టాను మేస్త్రిగారూ. పెట్టాననే అనుకున్నాను. ఇప్పుడు నాకే అనుమానం. పొయ్యి కట్టేశానా అని పడుకున్నదాన్ని నాలుగుసార్లు లేచి చూస్తాను. బండి ఆపిన ప్రతిసారీ 'పి లో పెట్టాను' అని పైకి అరుస్తాను. సందుల్లో పిల్లలు నన్ను చూసి అదే అరుస్తున్నారు."

నవ్వబోయింది. నవ్వు రాలేదు.

"మరిది కూతురికి ఎనిమిది నెలలు. పుట్టినప్పుడు తల్లికి జబ్బు చేస్తే మూడు నెలలు నేనే ఎత్తుకుని తిరిగాను. ఇప్పుడు నా చేతికి ఇవ్వట్లేదు. 'చేత్తో ఏం చేసిందో తెలియని మనిషి చేతిలో బిడ్డనెలా పెడతాం' అంది అత్త. ఎవరూ కాదనలేదు. మా ఆయనా కాదనలేదు."

"ఇవాళ ఎందుకు తెచ్చావు మరి?"

"మూడింటికి మరిదీ అత్తా ఇక్కడికే వస్తున్నారు. ఆఖరిసారి మేస్త్రితో చెప్పించు అన్నాడు. మీరు మళ్ళీ లోపం లేదంటే బండి మాట ఎత్తనని, పాప మాటా ఎత్తనని ఒప్పుకున్నాను."

షెడ్డు గుమ్మం మీద మేస్త్రి ఇరవై ఏళ్ళ కిందట సొంత చేత్తో రాసిన రేకు బోర్డు ఉంది: 'లోడు దించి, ఖాళీ బండి మాత్రమే తీసుకురావాలి.' ఆమె దాన్ని పాటించింది. ముప్పై నిండు క్యాన్లు షెడ్డు పక్క గోడ వారగా దించి ఉన్నాయి.

"తాళం ఇవ్వు," అన్నాడు మేస్త్రి.

*

ఆయన్ని చెవి మేస్త్రి అనేది ఊరికే కాదు. మూరెడు స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో చెప్పేస్తాడు. షెడ్డులో విడిభాగాల అరలు చూసుకునే ఆయన భార్యని అందరూ మేస్త్రమ్మ అంటారు. "మా ఆయనకి దేవుడు కళ్ళకి బదులు కూడా చెవులే పెట్టాడు. ఎదురుగా ఉన్న చీపురు కనపడదు" అంటుందావిడ.

ఇంజను వేడెక్కేదాకా ఆగి, ఆడుతుండగానే గేరుబాక్సు గేజి కడ్డీ తీశాడు. ఆయిలు రంగు చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. లోపల ప్లేట్లు కాలుతుంటే మాడిన వాసన వస్తుంది. రాలేదు. తెల్ల గుడ్డ మీద ఒక చుక్క వేశాడు. ఎర్రగా, గుండ్రంగా పరుచుకుంది. మధ్యలో నల్ల మచ్చ లేదు.

"ఎలా ఉంది?" అంది నీళ్ళక్క.

"శుభ్రంగా ఉంది."

ఆమె మొహం వాడింది.

బ్రేకు తొక్కిపట్టి, ఎక్సిలేటరు నొక్కి, చక్రాలు తిరక్కుండా గేరుబాక్సు ఎంత పట్టు పడుతుందో చూశాడు. గట్టి పట్టు. రోడ్డు మీదకి తీసుకెళ్ళి రెండు మైళ్ళు తిప్పాడు. మూడో గేరు కాస్త ఆలస్యంగా పడుతోంది. ఎక్సిలేటరు నుంచి వచ్చే కేబులు సాగింది, అంతే. తిరిగొచ్చి బిగించాడు. గేరుబాక్సు అడుగు రేకు విప్పి, లోపల ఇనుప పొడి పట్టే అయస్కాంతాన్ని వేలితో తడిమాడు. బూడిద రంగు గుజ్జు, కాటుకంత మెత్తగా. ముక్కలు లేవు, రవ్వలు లేవు.

"ఈ వయసుకి ఇంత ఆరోగ్యం నాకు లేదు," అని నోరు జారి, నాలిక కరుచుకున్నాడు. ఆ గేరుబాక్సు ఎంత బాగుంటే ఆమెకి అంత చెడ్డది.

నీళ్ళక్క ఓ మూల స్టూలు మీద కూర్చుంది. ఒళ్ళో రెండు చేతులూ వెల్లకిలా పెట్టుకుని, అవి వేరేవాళ్ళవి అయినట్టు వాటినే చూస్తోంది.

రేకు బిగించి ఆయిలు నింపేసరికి పదకొండున్నర. పి లోకి, ఆర్ లోకి, మళ్ళీ పి లోకి. యాభైసార్లు. ప్రతిసారీ తాళం పళ్ళు పట్టుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది. పి లో పెట్టి, ఇంజను ఆడుతుండగా బండిని వదిలేసి, టీ తెప్పించుకుని తాపీగా తాగాడు. బండి కదల్లేదు. డాష్‌బోర్డు మీద స్టీలు గ్లాసులో అంచుదాకా నీళ్ళు పోసి పెట్టాడు. గేరు ఏ కాస్త అంటుకున్నా నీళ్ళు ముందే చెబుతాయి. నీళ్ళు ఇంజను వణుకుకి సన్నగా గిరగిరలాడాయి తప్ప ఉలిక్కిపడలేదు.

"ఏవండీ!" పెరటి వైపునుంచి మేస్త్రమ్మ కేక. "ఈ తుక్కు కుప్పకి ఎప్పుడు మోక్షం? ఆర్నెల్లనుంచి చూద్దాంలే చూద్దాంలే అంటున్నారు. దీని పక్కన నేను కూడా తుప్పు పడుతున్నా."

"చూద్దాంలే!"

"చూశావా పిల్లా," అంది మేస్త్రమ్మ, గుమ్మంలోకి వచ్చి. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆవిడ నిలబడితే పెరటి వెలుతురు సగం ఆగిపోయింది. "నువ్వు వెళ్ళేది తుక్కు కొట్టు మీదుగానేనా?"

"అవునక్కా."

"ఊఁ," అని ఖాళీ బండి తొట్టి వంక ఓసారి చూసి మేస్త్రమ్మ వెళ్ళిపోయింది.

మేస్త్రి స్టూలు లాక్కుని నీళ్ళక్క ఎదురుగా కూర్చున్నాడు. "ఆ రోజు సంగతి మళ్ళీ చెప్పు. ఏదీ వదలకుండా."

ఆమె చెప్పింది. బండి గోడకి నాలుగడుగుల దూరంలో ఆపింది. రాడ్డు పైకి తోసింది. దిగింది. మరిది పాట పాడినట్టు లెక్కపెడుతూ ఎత్తేవాడు, ఎప్పుడూ అంతే. లోపల మూతల సంచీ వెతుకుతుంటే అతని గొంతు వినిపిస్తూనే ఉంది. పధ్నాలుగూ... పదిహేనూ... పదహారూ...

"పదిహేడు అనలేదు," అంది. "అరుపు కూడా లేదు. లెక్క ఆగిపోయింది, అంతే. ఇప్పటికీ చెవిలో పదహారు దాకా వినిపించి ఆగిపోతుంది. మిగతాది వినపడదు."

"ఆ తర్వాత ఎప్పుడైనా కదిలిందా?"

"అప్పట్నుంచి లోడు ఎత్తేటప్పుడు ఇంజను ఆపేస్తున్నా. పోయిన వారం మర్చిపోయాను. వెనక నిలబడి క్యాను పైకి తోస్తుంటే... చెప్పాను కదా. ఊపిరి. ఎగిరి పక్కకి దూకాను. వెళ్ళి చూస్తే రాడ్డు పి లోనే ఉంది. నన్ను చూసి సర్దుకున్నట్టు."

మేస్త్రి లేచాడు. "బండికి కళ్ళుండవమ్మా."

"మరి వెనక ఎవరున్నారో దానికెలా తెలుస్తోంది?"

మేస్త్రి చెక్క దిమ్మల కోసం వెళ్ళాడు.

*

చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, ఇంజను ఆడుతుండగా మేస్త్రి తనే బండి వెనక వెళ్ళి నిలబడ్డాడు. వీపు తిప్పాడు. ఎదురుగా పెరటి గోడ. వెనక, మూరెడు దూరంలో, డీజిలు వెచ్చటి ఊపిరి పిక్కల మీద కొడుతోంది. ఒకటి, రెండు, మూడు నిమిషాలు. నుదుటి మీద చెమట పోసింది. ముప్పై ఏళ్ళలో ఏ బండికీ వీపు చూపించడానికి ఆయన భయపడలేదు.

ఏమీ కాలేదు.

"మిమ్మల్ని మనిషి కింద లెక్కెయ్యలేదేమో," అంది కుప్ప దగ్గరనుంచి మేస్త్రమ్మ. "తడిబట్టలతో తూచినా యాభై కిలోలు లేరు. గాలొస్తే మిమ్మల్నే గోడకి కట్టెయ్యాలి."

"నోర్ముయ్యవే."

ఆ మాటకి అంత దిగులులో ఉన్న నీళ్ళక్క కూడా నవ్వాపుకోవడానికి పైట అడ్డం పెట్టుకుంది. అప్పుడు గడియారం చూసింది. ఒంటిగంటన్నర. పైట జారిపోయింది.

మేస్త్రికి తెలుసు, చూడాల్సినవన్నీ అయిపోయాయి. ఇంకొక్కటే మిగిలింది, వినడం. చెక్క దిమ్మలు తీసేశాడు. దిమ్మలుంటే బండి కదలాలనుకున్నా కదల్లేదు, ఆ కదలాలనుకోవడమే ఆయనకి వినాలి. రాడ్డునే చూస్తూ ఉండమని నీళ్ళక్కని పక్కన తలుపు దగ్గర నిలబెట్టి, "ఎవరూ వెనక్కి వెళ్ళకండి" అన్నాడు. క్యాబిన్లో కూర్చుని రాడ్డు పి లోకి తోసి, కుడికాలు బ్రేకు మీద గాల్లో ఉంచి, స్క్రూడ్రైవరు మొన స్టీరింగు గొట్టం మొదట్లో ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

ఇంజను స్లోలో ఆడుతోంది. దాని కింద ఆయిలు పంపు సన్నటి కూత. దానికింద నిశ్శబ్దం.

*టిక్.*

కళ్ళు తెరిచాడు. గ్లాసులో నీళ్ళు మధ్యలో ఒక్క మడత పడి సర్దుకున్నాయి.

మళ్ళీ నిశ్శబ్దం. షెడ్డులో ఎక్కడో ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు. రోజూ వినేదే, పట్టించుకోలేదు.

*టిక్.*

ఎవరో గదిలోపల ఉండి తలుపు గడియని మెల్లగా కొంచెం లాగి, బయట ఎవరైనా వింటున్నారేమోనని ఆగినట్టుంది. నిమిషం గడిచింది. ఇంకో గీత లాగారు. *టిక్.* మేస్త్రి చేతుల మీద వెంట్రుకలు లేచాయి. రాడ్డు కళ్ళెదురుగానే ఉంది. గేరు చూపించే సూది పి మీదే ఉంది. ఎవరూ దాన్ని తాకడం లేదు. అయినా లోపల ఎవరో గడియ తీస్తున్నారు.

*టిక్. టిక్.*

అప్పుడు విన్నాడు ఆయన కూడా. వెనకనుంచి, బండి కడుపులోంచి, తడి పెదవులు విడిపడినట్టు ఒక చప్పుడు. ఊపిరి.

రాడ్డు కదిలింది.

దూకలేదు, అదరలేదు. ఒక చెయ్యి దానిమీద వేసి కిందికి దించినట్టు, మర్యాదగా, మెత్తగా, పి నుంచి ఆర్ లోకి జారి కూర్చుంది. గ్లాసులో నీళ్ళు ఒక్క ఎగురు ఎగిరి ఆయన ఒళ్ళో పడ్డాయి. బండి వెనక్కి నడిచింది.

"మేస్త్రిగారూ! వెనక!" నీళ్ళక్క కేక పెట్టింది.

మేస్త్రి రెండు కాళ్ళతో బ్రేకు మీద నిలబడ్డాడు. బండి ఊగి ఆగింది. ఇంజను ఆపి, దిగి, పడుతూ లేస్తూ వెనక్కి పరుగెత్తాడు.

దించిన వెనక తలుపు మీద, కాళ్ళు వేలాడేసుకుని, చేతిలో పాత గేరుబాక్సు మూతతో మేస్త్రమ్మ కూర్చుని ఉంది. కాలి బొటనవేళ్ళు రెండూ గోడకి ఆని ఉన్నాయి. ఆవిడ వెనక, తొట్టి నిండా, ఆర్నెల్ల తుక్కు: రెండు పాత గేరుబాక్సు డొల్లలు, ఇరుసులు, చక్రాల డ్రమ్ములు, పాడైన జాకీ.

మేస్త్రమ్మ మొహం సున్నం కొట్టినట్టుంది.

"ఖాళీగా ఎందుకు పోవాలి బండి అనుకున్నా," అంది. "మీరేం అన్నారో ఇంజను మోతలో వినపడలేదు. ఒక్కొక్కటే ఎక్కించా. ఆఖరికి ఆయాసమొచ్చి కూర్చున్నా. మీకు చెవులున్నాయి కదండీ, ఇంత చప్పుడు వినపడలేదా?"

మేస్త్రి ఆవిడ చేతిలోని మూత తీసుకుని పక్కన పెట్టాడు. రెండు చేతులతో ఆవిణ్ణి దింపాడు. యాభై కిలోలు లేని మనిషి, ఆవిణ్ణి ఎలా దింపాడో ఆయనకే తెలియదు. తర్వాత తొట్టి వంక చూశాడు, గుమ్మం మీది బోర్డు వంక చూశాడు.

"ఖాళీ బండి," అన్నాడు. "నేనూ ఖాళీ బండినే చూశాను. మిగతా ఇద్దరూ ఖాళీ బండినే చూశారు. ఈ పనిలో ఉన్నవాడెవడూ లోడు బండిని ముట్టుకోడు."

*

చక్రాల కింద దిమ్మలు పెట్టి, టార్చి పట్టుకుని కిందికి దూరాడు. అయిదు నిమిషాలకి నీళ్ళక్కని కూడా రమ్మన్నాడు. ఆమె పైట దోపుకుని, వెల్లకిలా పడుకుని, పక్కకి జరిగింది. ఆ బండి కింద చూడటం తొమ్మిదేళ్ళలో ఇదే మొదలు.

"ఇది చూడు. గేరుబాక్సు తోక ఆనే రబ్బరు దిమ్మ. చీలిపోయింది. బండి ఖాళీగా ఉంటే రెండు ముక్కలూ అతుక్కునే ఉంటాయి, మూసిన నోరులాగా. అందుకే ఆ రోజు నాకు కనపడలేదు. ఇప్పుడు బరువుంది. చూశావా?"

నల్లటి రబ్బరు రెండు వేళ్ళ వెడల్పున తెరుచుకుని ఉంది. లోపల తడిగా మెరుస్తోంది.

"నువ్వు విన్న ఊపిరి ఇదే. వెనక బరువు పడేకొద్దీ బండి వెన్ను వంగుతుంది. గేరుబాక్సు తోక దిగుతుంది. నీ రాడ్డు నుంచి వచ్చే ఈ కడ్డీ దాంతోపాటు లాగబడుతుంది, ఒక్కో క్యానుకి ఒక్కో వెంట్రుకంత. పైన పి గాడి అంచు కూడా అరిగిపోయింది, ఇంజను వణుకు తోడైతే చాలు జారిపోతుంది. నువ్వు సరిగ్గానే పెట్టావు. అది సరిగ్గా కూర్చోలేదు."

"మరి పోయిన వారం?"

"అంచుదాకా వచ్చింది, నువ్వు దూకేశావు. బరువు తగ్గింది. వెనక్కి సర్దుకుంది."

నీళ్ళక్క చాలాసేపు ఆ తెరుచుకున్న నోటినే చూస్తూ పడుకుంది. "అయితే మనిషి కోసం చూడటం లేదు," అంది.

"లేదు. లోడు ఎత్తేవాడు వెనకే నిలబడతాడు. అంతే."

ఆమె బయటికి వచ్చి గోడ వంక తిరిగి నిలబడింది. భుజాలు కదిలాయి. మేస్త్రమ్మ వెళ్ళి పక్కన నిలబడింది, మాట్లాడకుండా. ఆవిడ మాట్లాడకపోవడం షెడ్డులో ఎవరూ ఎరగరు.

*

మూడింటికి ఆటో ఆగింది. ముందు చంక కర్రలు దిగాయి, తర్వాత మరిది. వెనక అత్త, భుజం మీద నిద్రపోతున్న పాపతో.

మేస్త్రి చెప్పిందంతా మరిది విన్నాడు. పాతికేళ్ళ మొహం, ముసలివాడి కళ్ళు.

"లోపం లేదని చెప్పింది మీరేగా?"

"నేనే. తప్పు చెప్పాను. ఖాళీ బండి చూసి చెప్పాను."

"ఆడలేక మద్దెల ఓడంటోందని మా వీధంతా వదినని చూసి నవ్వింది. ఇవాళ మద్దెలకే చిల్లుందంటారు. రేపు ఇంకేమంటారు?"

"నేను చెప్పేది నమ్మొద్దు. ఎక్కి చూడు."

తుక్కంతా దించేశారు. బండిని గోడకి దూరంగా ముందుకి జరిపి, ముందు కొక్కేనికి ఇనుప గొలుసు వేసి షెడ్డు స్తంభానికి కట్టాడు మేస్త్రి. వెనక ఎవరినీ నిలబడనివ్వలేదు. మరిది కర్రలు మేస్త్రి చేతికిచ్చి, స్టీరింగు పట్టుకుని పైకి లాక్కుని కూర్చున్నాడు. రాడ్డు తనే పి లోకి తోశాడు. చప్పుడు విన్నాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు.

గోడ వారనున్న నిండు క్యాన్లని నీళ్ళక్క, మేస్త్రమ్మ చెరో వైపునుంచి, పక్కల మీదుగా తొట్టి చివర్లో దించడం మొదలుపెట్టారు. ఒక్కో క్యాను దిగిన దెబ్బకి బండి చిన్నగా మూలిగింది. నాలుగో క్యానుకి మరిది పెదాలు కదిలాయి. ఎనిమిదో దానికి గొంతు బయటికి వచ్చింది. అతను కావాలని అన్నది కాదు.

"పన్నెండూ... పదమూడూ..."

అత్త పాపని ఇంకో భుజానికి మార్చుకుంది.

"పదిహేనూ... పదహారూ."

ఆగిపోయాడు. షెడ్డులో ఇంజను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అందరి కళ్ళూ రాడ్డు మీదే. రాడ్డు పి లోనే ఉంది. పదహారు క్యాన్లు అయిపోయాయి, అది రవ్వంత కూడా కదల్లేదు.

అత్త నిట్టూర్చింది. "చాలు నాయనా, దిగు. ఇంక వినడానికేముంది?"

"ఆ రోజు నువ్వు కూడా ఉన్నావు," అన్నాడు మేస్త్రి మరిదితో. "వెనక తలుపు మీద పొట్ట ఆనించి, ఒంటి బరువంతా వేసి పదిహేడోది తోస్తున్నావు. ఇవాళ అక్కడెవరూ లేరు. ఆపకండి."

ఆ తర్వాతి అంకె మరిది నోటికి రావడం లేదు. రెండు నెలలుగా రాలేదు.

బండి పక్కనుంచి నీళ్ళక్క గొంతు వినిపించింది. "పదిహేడు."

క్యాను దిగింది.

"పద్దెనిమిది."

*టిక్.* ఈసారి స్క్రూడ్రైవరు లేకుండానే అందరికీ వినిపించింది.

"పందొమ్మిది."

బండి ఊపిరి తీసింది. మరిది కళ్ళెదురుగా, రెండు చేతులూ అతని ఒళ్ళోనే ఉండగా, రాడ్డు మెత్తగా కిందికి జారి ఆర్ లో కూర్చుంది. గొలుసు ఒక్కసారి బిర్రబిగిసి మూలిగింది.

మరిది రాడ్డుని మళ్ళీ పి లోకి తోశాడు. చెయ్యి తీశాడు. అది మళ్ళీ దిగింది. మళ్ళీ తోశాడు. మళ్ళీ దిగింది. నాలుగోసారి తోసి, దాని మీద చెయ్యి అలాగే ఉంచి, మేస్త్రి తాళం తిప్పేదాకా వదల్లేదు.

"వదినా," అన్నాడు, అద్దంలోంచి ఎదురుగా చూస్తూ. "నీ గొంతు లోపల్నుంచి వినిపిస్తూనే ఉంది ఆ రోజు. మూతల సంచీ ఎక్కడ పెట్టావురా చిన్నోడా అని అరుస్తున్నావు. నేను దొరికిందా అని అడగబోయాను."

"దొరకలేదురా," అంది నీళ్ళక్క. "ఇప్పటికీ దొరకలేదు."

అతను నవ్వినట్టు చప్పుడు చేసి, చేతిలో మొహం దాచుకున్నాడు.

అత్త కదిలింది. క్షమించమనే రకం మనిషి కాదావిడ. నీళ్ళక్క దగ్గరికి వచ్చి, "చెయ్యి నొప్పెడుతోంది, పట్టుకో," అని పాపని అందించింది. నీళ్ళక్క రెండు చేతులూ పైటకి తుడుచుకుంది. ఇంకోసారి తుడుచుకుంది. పాప కళ్ళు తెరిచి, ఆ మొహాన్ని గుర్తుపట్టి, ముక్కు పట్టుకుని లాగింది.

బండి అక్కడే ఉండిపోయింది. రబ్బరు దిమ్మ, కడ్డీ, రాడ్డు గాడి మూడూ మార్చేదాకా కదలకూడదన్నాడు మేస్త్రి. మేస్త్రమ్మ అప్పటికే నిచ్చెనేసి గుమ్మం మీది బోర్డు విప్పుతోంది. "ఇది కూడా తుక్కులోకే," అంటోంది.

ఆటో పెరటి సందు వైపు తిరిగి నిలబడి ఉంది. దానికి దగ్గర దారి బండికీ గోడకీ మధ్యనుంచి, ఆరడుగులు. ఇంజను ఆపేసి ఉంది, తాళం మేస్త్రి జేబులో ఉంది, గొలుసు స్తంభానికి ఉంది. కారణం అందరూ కళ్ళారా చూశారు.

అయినా ముందు మరిది కర్రలు, తర్వాత అత్త, ఆ వెనక పాపని గుండెకి అదుముకున్న నీళ్ళక్క, షెడ్డంతా చుట్టి, బండి ముందునుంచే నడిచి వెళ్ళారు.